నన్నారి డైరీ: లంకమల కింద ఒక ఏడాది

జూన్ 22

ఈ పని కోపంతో మొదలైంది. మా పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరు ఇన్నాళ్లకు చేతికొచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి. ఊళ్లో ఏయే మొక్కలున్నాయో, ఎవరు దేనికి వాడతారో ఊరివాళ్లనే అడిగి ఆ కమిటీ రాయించాలి. మాకూ రాయించారు. రాయడానికి వచ్చినవాళ్లు ఒక్క పూటలో వచ్చి పోయారట. మా కొండలో ఎన్నడూ మొలవని మొక్కలు అందులో ఉన్నాయి. మా కొండనే అంటిపెట్టుకుని బతికేవి లేవు. యానాది గిరిజనుల కాలనీ నుంచి ఒక్క మాట కూడా ఎక్కలేదు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఊరు కడప జిల్లా అట్లూరు మండలంలో. బడి మిద్దె ఎక్కితే లంకమల కొండలు కనిపిస్తాయి. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం 464 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం ఉన్న అడవి అని బయటివాళ్లకు తెలుసు, కలివికోడి ఉన్న అడవి అని పక్షుల మీద ప్రేమ ఉన్నవాళ్లకు తెలుసు. 1848లో శాస్త్ర రికార్డుకెక్కిన ఆ పిట్ట, 1900 తర్వాత కనిపించక ఇక లేదనుకున్నాక, 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వెతికించాడు. ఆ రాత్రి పొదల్లో దాన్ని పట్టింది మాత్రం ఇక్కడి వేటగాడే. ఆ సంగతి పిల్లలకు ప్రతి ఏడూ చెప్తాను. ఇన్నేళ్లు చెప్పి కూడా నేను కాలనీకి పోయి ఎవర్నీ ఏమీ అడగలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మంది ముందుకొచ్చారు. మొక్కలు చూడాలి, వాడకం అడగాలి, రిజిస్టరు మళ్లీ రాయాలి. అనుకున్నది అంతే.

జులై 13

మొన్న యానాది కాలనీలో ఒక అవ్వ ఇంటికి మూడోసారి పోయాను. మొదటి రెండుసార్లూ ఆమె మొక్కల మాటే ఎత్తలేదు. ఎండ గురించి, రేషన్ బియ్యం గురించి, మనవడికి దొరకని పని గురించి మాట్లాడి పంపించేసింది. ఈసారి నోటుపుస్తకం తీసుకుపోలేదు. చిట్టీత ఆకు చీల్చి చీపురు కడుతూ తానే మొదలుపెట్టింది. కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీస్తే బురదనీళ్లు తేరుకోవడం, జ్వరానికి నేలవేము, వాపు మీదికి ఎర్రచందనం చెక్క సాది పట్టు వేయడం. పొడపత్రి ఆకు నమిలితే తీపి తెలియదని చెప్పి, పెరట్లో కంచెకు పాకిన తీగ నుంచి నాలుగు ఆకులు తెంపి ఇచ్చింది. మరుసటి రోజు క్లాసులో పిల్లలు అది నమిలి చక్కెర నోట్లో వేసుకున్నారు. ఇసుక నమిలినట్టుందని ఒకటే కేకలు. ఆ ఒక్క పీరియడ్‌తో నా ఎనిమిది మంది పదిహేడయ్యారు.

నేను లేవబోతుంటే అంది: "పేర్లు రాస్కుంటే ఏమొస్తాది టీచరమ్మా? పేరు తెలిసినోడే గదా మొదులంటా పీక్కపోయింది."

ఏం పీక్కుపోయాడని అడిగితే, "నన్నారి" అంది.

జులై 20

వారమంతా ఆ మాటే మెదులుతోంది. ఎండాకాలం వస్తే కడప, బద్వేలు, ప్రొద్దుటూరు ఎక్కడ చూసినా బండి మీద ఎర్రటి నన్నారి సీసా, పక్కన నిమ్మకాయలు. ఆ వేరు ఎక్కడిదని ఏనాడైనా అనుకున్నానా?

నన్నారి అంటే సుగంధిపాల, హెమిడెస్మస్ ఇండికస్. సన్నటి తీగ, తెంపితే పాలు కారతాయి. ముదురాకుపచ్చ ఆకు, నడిమి ఈనె పొడవునా తెల్లటి చార. బజారులో నన్నారి పేరుతోనే అమ్ముడుపోయే ఇంకో వేరు మారేడు కొమ్ములు, బర్రె సుగంధి అని కూడా అంటారు. అది డెకాలెపిస్ హామిల్టోనీ. బండల సందుల్లో పెరిగే మోటు తీగ, గడ్డలు వేలికంటే లావు. దానితో ఊరగాయ కూడా పెడతారు. రెండింటి వాసనకూ మూలం ఒకటే పదార్థం, అది వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌కు తోబుట్టువు: అణువులో ఉన్నవి అవే, అమరిక వేరు. నన్నారి మూకుడు దగ్గర వెనిల్లా ఐస్‌క్రీం గుర్తుకు రావడం అందుకే.

రెంటికీ కష్టం ఒక్కటే. ఆకు కోస్తే చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్లీ కాస్తుంది. వేరు తవ్వితే తీగే పోతుంది. పైగా నన్నారి పెరిగేది కలివి, పరికి, రేగి పొదల మొదళ్లలో. వేరు కోసం వచ్చినవాడు ముందు పొద నరుకుతాడు. కలివికోడి బతికేది ఆ పొదల్లోనే.

అందుకని పని మార్చుకున్నాను. వంద మొక్కల జాబితా తర్వాత చూసుకుందాం. ఈ ఏడాది ఒక్క తీగ: ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగాలో నన్నారి పెంచడం, అవ్వ వేరు ఎలా తీస్తుందో నేర్చుకోవడం.

ఆగస్టు 3

అభయారణ్యం లోపలి నుంచి పుల్ల కూడా తేకూడదని పిల్లలకు ముందే చెప్పాను. 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ ప్రకారం చుట్టుపక్కల బతికేవాళ్ల సొంత అవసరానికి తప్ప అక్కడి అటవీ ఫలసాయం వ్యాపారానికి వాడకూడదు. నర్సరీ పేరు చెప్పుకుని మేమే ఆ గీత దాటితే ఇక ఎవరికి చెప్పగలం? కొమ్మలన్నీ చేని గట్ల మీద నుంచి, కాలువ పక్క కంచెల నుంచే తెచ్చాం.

ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన పేడ ఎరువు ఒక పాలు. నల్ల సంచుల్లో నింపి, రెండు కణుపులున్న ముక్కలను ఏటవాలుగా గుచ్చాం. 96 సంచులు. అందులో 40 కాలువ కంచె నుంచి తెచ్చినవి, పిల్లలు సైకిళ్ల మీద మోసుకొచ్చారు. పైన పాత చీరలు కట్టి నీడ చేశాం.

సెప్టెంబరు 7

కాలువ కంచె మొక్కలు ఎంత బాగా వస్తున్నాయో! అన్నీ చిగురించాయి. గట్ల నుంచి తెచ్చినవి ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. నీళ్లు ఎక్కువయ్యాయి, తప్పు నాదే. బడి నుంచి వచ్చిన ప్రతిసారీ ఓ చెంబు పోస్తూ వచ్చాను. ఎండిన గట్టు మీద బతికే తీగకు రోజూ తడి అక్కర్లేదు. ఇకనుంచి వారానికి రెండుసార్లే.

నవంబరు 9

రాయడానికి చేయి రావడం లేదు గానీ రాయాలి.

మొక్కలు చూపిద్దామని అవ్వను ఇంటికి పిలిచాను. వరుసలన్నీ ఒకసారి చూసింది. ఏపుగా పెరిగిన వరుస దగ్గర గొంతుక్కూర్చుని ఒక సంచి పక్క మట్టి వేలితో తోసి, వేరు కొస గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోటి. ఇంకోటి. నాకూ ఇచ్చింది. పచ్చి వేరు వాసన తప్ప ఏమీ లేదు.

"ఇది నల్లతీగమ్మా. పాలు దీనికీ వస్తాయి. ఆకు మింద చార యాడుంది?"

నలభైకి నలభై నల్లతీగే. ఇక్నోకార్పస్ ఫ్రూటిసెన్స్, నన్నారి కుటుంబమే. బజారులో నన్నారిలో కల్తీ చేసేదీ ఇదే. లేత ఆకు వెనక తుప్పు రంగు నూగు, చార లేదు, వేరుకు పరిమళం లేదు. ఇవన్నీ పుస్తకంలో చదివినదాన్నే. లేత నన్నారికి ఆకు ఒక్కో తీగకు ఒక్కో ఆకారం, ఒకటి గడ్డిపోచలా సన్నం, ఇంకోటి వెడల్పు. ఆ తేడాల్లో ఇదీ ఒకటి అనుకుని మూడు నెలలు సాకాను. వేరు వాసన చూడాలని ఒక్క రోజు కూడా తట్టలేదు.

అవ్వ ఒక్క మాట అనలేదు. అసలు వరుసలో మిగిలినవి లెక్కపెట్టింది: 56లో 19. "ఇవి సాలు, దీనెమ్మ సంతానం బో పెద్దది" అని, వేరు ముక్కలు పెడితే కొమ్మకంటే బాగా వస్తాయని చెప్పింది. కావాలంటే గుట్ట మీదికి రమ్మంది.

నల్లతీగలను కాలువ కంచెకే తిరిగి నాటేశాం. మా కాలువ గట్టు మీద పుట్టినవే కదా.

డిసెంబరు 14

తుఫాను వానలు ఆగి వారమైంది. అభయారణ్యం హద్దు రాయికి ఇవతల రెవెన్యూ శాఖ కింది గుట్ట ఉంది, అక్కడికి పోయాం. నేను, అవ్వ, ఆమె మనవడు, నలుగురు పిల్లలు. గడారి, అదే గడ్డపార, తెస్తానని మనవడంటే అవ్వ వద్దంది. కలుపు తీసే చిన్న తొలిక ఒక్కటే.

అవ్వ తీగను చూడలేదు, మట్టిని చూసింది. గుప్పెడు తీసి పిసికి, వేళ్లు విప్పింది. ముద్ద నిలిచింది. "ఇట్ల ముద్దయితేనే. పొడిమట్టిలో తవ్వితే ఏరు నడిమికి తెగుతాది. నీకు సగమే వస్తాది, చెట్టుకు ఏం మిగలదు."

మొదటి తీగ పరికి కంపలో అల్లుకుని ఉంది. దానికి జంట కాయలు, చెరో పక్కకు చేతులు చాచినట్టు, పచ్చగా. అవ్వ దాన్ని దాటిపోయింది. "ఇది నీళ్లోసుకుండాది. దీని జోలికి పోగూడదు." రెండోది లేతది, అదీ వద్దంది. మూడోది, నాలుగోది కూడా వదిలేసింది. ఐదో తీగ దగ్గర కూర్చుంది. కాండం మొదలు పెన్సిలంత లావు, బెరడు చిట్లి ఉంది.

కొండవాలుకు కింది పక్క మాత్రమే తవ్వింది. పైపక్క వేరు ముట్టదు. వాన నీళ్లు పైనుంచి దిగుతాయి కాబట్టి అది తీగ నోరు అంటుంది. తొలికతో మూరెడు దూరంలో మొదలుపెట్టి మట్టిని కొంచెం కొంచెం లాగుతూ వచ్చింది. వేరు కనిపించాక తొలిక పక్కన పెట్టేసి వేళ్లతోనే. గోధుమ రంగు వేరు, చిటికెన వేలికంటే సన్నం, మట్టిలో వంకర్లు తిరిగి పోతోంది. దాని వెంటే వేలు పోయింది. పైబెరడు మీద అడ్డంగా సన్నని పగుళ్లు. గాలి తగిలేసరికి ఆ పరిమళం! తడిమట్టి వాసనతో కలిసి, పైకి లేచినట్టే లేచింది. పిల్లలు మాట్లాడటం మానేశారు.

మొదలు దగ్గర జానెడు వదిలి కోసింది. మూడు వేర్లుంటే రెండు తీసింది. తీసిన దానిలోంచి అంగుళమున్నర ముక్కలు రెండు తుంచి అదే గుంతలో అడ్డంగా పెట్టి మట్టి కప్పింది, మడమతో తొక్కింది, ఎండాకులు పరిచింది. చివర్లో అరచేయంత రాయి తెచ్చి పైన పెట్టింది.

రాయి ఎందుకవ్వా అని అడిగా.

"అడివిపంది కుళ్లగించకుండా. ఇంగోటి, మనోళ్లకు తెలియాల. రాయుంటే తీసినారని. మూడు ఎండాకాలాలు పోయేదంకా ఎవురూ ముట్టరు."

ఈ గుట్ట మీద నేను చిన్నప్పటి నుంచి తిరుగుతున్నాను. కంప మొదట్లో ఒంటరిగా పడి ఉన్న అలాంటి రాళ్లు ఎన్నిసార్లు చూశానో! అవి రాతలని నాకు తెలియదు. ఆ రిజిస్టరులో "సుగంధిపాల, వేరు, చలువ చేయును" అని ఒక వరుస ఉంది. ఈ రాయి అందులో ఎక్కడ పడుతుంది? దానికి గడి లేదు.

మనవడు కొంచెం అవతలికి పిలిచి నిరుటి గుంతలు చూపించాడు. పొద మొత్తం నరికి, మోకాలి లోతు గడారితో తవ్వి, మట్టి కూడా పూడ్చకుండా వదిలేసిన గుంతలు వరుసగా పదకొండు. వాటి మీద రాళ్లు లేవు.

ఆ రోజు తెచ్చిన వేర్లలోంచి 30 ముక్కలు అవ్వ చెప్పినట్టే అడ్డంగా, వేలెడు లోతులో సంచుల్లో పెట్టాం. మిగతాది అవ్వది.

ఫిబ్రవరి 16

వేరు ముక్కల్లో 22 మొలిచాయి. అవ్వ మాట అక్షరాలా నిజం.

డిసెంబరులో దాటిపోయిన తీగ కాయలు ఎండి చిట్లుతున్నాయని పిల్లవాడు పరుగున వచ్చి చెప్పాడు. పోయి చూస్తే సగం గాలికి లేచిపోయాయి. చిన్న నల్ల గింజ, తల మీద పట్టుకుచ్చు. అగ్గిపెట్టెలో సగానికి గింజలు తెచ్చి ఇసుక పళ్లెంలో చల్లాం. మిగిలినవి అక్కడే ఊదేశాం.

ఇవాళ అవ్వ ఇంకో మొక్క చూపించింది, ఏ నొప్పికి ఎలా వాడతారో చెప్పింది. చెప్పాక, "ఇది మాత్రం రాయొద్దు" అంది. రాయడం లేదు. పిల్లలకూ చెప్పాను, ఇది మన పుస్తకంలోకి రాదు అని. అడిగి, ఒప్పుకున్న మేరకే రాసుకోవాలి.

దాని మీదే మనవడు సూటిగా అడిగాడు: "రాసిస్తే మాకేమొస్తాది టీచర్?" కేరళలో కాణి గిరిజనుల సంగతి చెప్పాను. వాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి తిరువనంతపురం దగ్గరి వృక్షోద్యాన పరిశోధన సంస్థ 'జీవని' అనే మందు తయారుచేసింది. 1990లలో దాన్ని ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణిలకే చెందేలా ఒప్పందం కుదిరింది. మన చట్టం కూడా లాభంలో వాటా ఇవ్వాలనే అంటుంది. శ్రద్ధగా విన్నాడు. "మన దగ్గర ఎప్పుడన్నా ఇచ్చినారా?" అన్నాడు. మా ఊళ్లో ఇవ్వలేదు. అదే చెప్పాను.

ఏప్రిల్ 5

కాలనీకి తూకం బండి వచ్చింది. పచ్చివేరు కిలోల లెక్కన కొంటాడు. మొదలుతో సహా తెస్తే మొదలూ తూకంలో కలుపుకుంటాడు. జానెడు వదిలి కోసినవాడికి తూకం తగ్గుతుంది, పొదంటా పెకిలించినవాడికి పెరుగుతుంది. అవ్వ పద్ధతి ఎందుకు పోతోందో ఆ కాటా దగ్గర పది నిమిషాలు నిలబడితే అర్థమైంది. కాలనీవాళ్లకు నేనేం చెప్పగలను? ఆ డబ్బుతో వాళ్లు మందులు కొంటారు, పిల్లలకు చెప్పులు కొంటారు. తప్పు ఆ కాటాది.

ఏప్రిల్ 20

ఇంట్లో నన్నారి కాచాం. అవ్వ తన వాటాలోంచి గుప్పెడు ఎండువేరు తెచ్చింది. కడిగి, రోట్లో వేసి తేలిగ్గా నలగ్గొట్టాలి. అప్పుడు బెరడు విడుతుంది, లోపలి కట్టె తీసి పారేయాలి. వాసన, రంగు అన్నీ బెరడులోనివే. ఆ బెరడును రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి పొద్దున వడగడితే టీ డికాక్షన్ రంగులో దిగింది. చక్కెర పాకం విడిగా పట్టి, దింపాక ఈ నీళ్లు కలిపాం. నేనైతే మొత్తం కలిపి తెర్లబెట్టేదాన్ని. అలా చేస్తే వాసనంతా ఆవిరైపోతుందని అవ్వ ఆపింది. నిమ్మరసం పిండి, నానిన సబ్జా గింజలు వేసి, కుండనీళ్లతో తలా ఒక గ్లాసు.

బజారు సీసాలో ఉన్నంత ఎరుపు లేదు, లేత గోధుమ రంగే. తాగాక గొంతులో చాలాసేపు నిలిచింది. గ్లాసు కడగకుండా వాసన చూస్తూ కూర్చున్నారు పిల్లలు.

మే 11

44 డిగ్రీల ఎండ. చెదలు పట్టి 4 మొక్కలు పోయాయి. వేపపిండి కలిపాం. మిగిలినవి 37. గింజల నుంచి 11 మొలిచాయి, ఇంకా వెంట్రుకల్లాగే ఉన్నాయి.

జూన్ 15

కొత్త రిజిస్టరు కాగితాలు పంచాయతీలో ఇచ్చి వచ్చాం. 43 మొక్కలు. అన్నీ మేం కళ్లతో చూసినవే, ప్రతిదానికీ చెప్పినవాళ్ల అనుమతి ఉంది. నన్నారికి ఒక్క వరుస చాలలేదు, రెండు పేజీలు రాశాం: మట్టి ముద్ద, కాయ ఉంటే వదలడం, కింది పక్క, జానెడు, రాయి. "ఇంత అక్కర్లేదు" అని అక్కడ ఒకరన్నారు. తీసేయలేదు.

జూన్ 29

నిన్న రాత్రి పదును వాన. పొద్దున్నే గుట్ట మీదికి పోయి, గడారితో తవ్వి వదిలేసిన ఆ పదకొండు గుంతల్లో మట్టి నింపి, గుంతకు రెండు చొప్పున 22 మొక్కలు నాటాం. మిగతా 15 కాలనీ పెరళ్లలోకి. కంచె వెంట పెంచుకుంటే ఆ వేరు వాళ్ల సొంతం, ఎవరూ ఆపలేరు. తవ్వకానికి రావాలంటే రెండు మూడేళ్లు పడుతుంది.

ప్రతి గుంత దగ్గరా పిల్లలు రాయి పెట్టబోతుంటే అవ్వ ఆపింది. ఇంకా తీయలేదు కదా, రాయి పెడితే అబద్ధమవుతుంది అంది. దానికి బదులు చుట్టూ పరికికంప కుచ్చాం, మేకలు రాకుండా.

ఆదివారం మళ్లీ పోవాలి. ఆరో గుంతలో మట్టి అప్పుడే కొంచెం కుంగింది.